గల్ఫ్‌లో ఉన్న నాన్న దగ్గరికి మొదటిసారి వెళ్తున్నావా? ఇది చదివి వెళ్లు

టెన్త్ పరీక్షలు అయిపోయి, ఇంటర్‌లో చేరేలోపు దొరికే సెలవుల్లో కొన్ని ఇళ్లకి ఒక ఫోన్ వస్తుంది. "ఈ ఏడు నాకు లీవు దొరకలేదు బిడ్డా, నువ్వే ఒక ఇరవై రోజులు వచ్చి పో" అని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్లలో, ఇటు కడప, కోనసీమ జిల్లాల్లో నాన్న గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలకి నాన్న అంటే రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి పోయే మనిషి, మిగతా రోజులన్నీ ఇమో వీడియో కాల్‌లో కనిపించే మొహం. నేనూ అలాంటి ఇంట్లో పెరిగి, పదహారేళ్లప్పుడు దుబాయి వెళ్లి వచ్చినదాన్ని.

వీసా గురించి, టికెట్ గురించి చెప్పడానికి ఊళ్లో ప్రతి ఒక్కరూ ఉంటారు. అక్కడ దిగాక నాన్నతో ఎలా ఉండాలో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నేను రెండూ చెప్తాను, కానీ రెండోదానికే ఎక్కువ చోటిస్తాను. ముందే ఒకటి మనసులో పెట్టుకో: అక్కడున్నన్ని రోజుల్లో నాన్న రోజు ఎలా గడుస్తుందో నువ్వు కళ్లారా చూడాలి, నీకిప్పుడు ఎన్నేళ్లొచ్చాయో నాన్నకి తెలియాలి. బుర్జ్ ఖలీఫా చూడకపోయినా ఫర్వాలేదు, ఈ రెండూ జరగకుండా మాత్రం వెనక్కి రావద్దు.

నాకు తెలిసింది దుబాయి, షార్జా కాబట్టి రూల్స్ అన్నీ యూఏఈవే చెప్తున్నాను. సౌదీ, కువైట్, ఖతర్ రూల్స్ వేరు. నాన్నతో మెలిగే సంగతులు మాత్రం ఎక్కడైనా ఒకటే.

కాగితాలు

పాస్‌పోర్ట్ లేకపోతే కనీసం రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టు. మైనర్ పాస్‌పోర్ట్ ఐదేళ్లకి గానీ, 18 నిండేదాకా గానీ ఇస్తారు, ఏది ముందైతే అది. ఫీజు 1,000 రూపాయలు. 15 దాటితే 1,500 కట్టి పదేళ్లది అడగొచ్చు, వీలుంటే అదే తీసుకో, మళ్లీ 18 ఏళ్లకి తిరిగే పని ఉండదు. తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకుంటున్నట్టు అనెక్జర్ డి అనే ఫారం మీద సంతకాలు కావాలి. నాన్న ఇక్కడ లేడు కాబట్టి ఆయన అక్కడి ఇండియన్ కాన్సులేట్ ద్వారా అఫిడవిట్ అటెస్ట్ చేయించి పంపాలి. దానికోసం ఒక పూట డ్యూటీ మానాలి, అంటే ఆ రోజు జీతం పోయే అవకాశం ఉంది, అందుకే "రేపే పంపు" అని ఒత్తిడి పెట్టకుండా ముందే చెప్పి పెట్టు. నాన్న సంతకం ఎలాగూ దొరకదు అనే పరిస్థితి అయితే, అమ్మ ఒక్కతే ఇవ్వడానికి అనెక్జర్ సి ఉంది.

పేరు సంగతి చాలామంది పట్టించుకోరు, టికెట్ కొన్నాక లబోదిబోమంటారు. 2022 నవంబర్ నుంచి యూఏఈ, పాస్‌పోర్ట్‌లో ఒకే పేరు ఉన్నవాళ్లని విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి అంతా ఒకే మాటగా రాయించుకుంటే విమానం ఎక్కే దగ్గరే ఆపొచ్చు. రెండో పేజీలో నాన్న పేరు ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించారు గానీ, కొత్తగా తీసుకునేవాళ్లు ఇంటిపేరు, పేరు వేర్వేరు గడుల్లో పూర్తిగా రాయించుకుంటే ఏ టెన్షనూ ఉండదు. టెన్త్ మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే.

వీసా 30 రోజులది, 60 రోజులది దొరుకుతుంది. 2024 చివర నుంచి తిరుగు టికెట్, ఉండే చోటు రుజువు గట్టిగా అడుగుతున్నారు, కాబట్టి నాన్న ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) కాపీ, నువ్వు ఉండబోయే ఇంటి చిరునామా, నీ బర్త్ సర్టిఫికెట్ ఒక కవర్లో పెట్టుకో. గడువు దాటి ఉంటే రోజుకి 50 దిర్హమ్‌లు ఫైన్, అంటే వెయ్యి రూపాయల పైన. "నాలుగు రోజులే కదా" అనుకునే లెక్క కాదది.

ఒంటరిగా వెళ్తుంటే అమ్మ సంతకంతో, నోటరీ చేయించిన అనుమతి పత్రం దగ్గరుంచుకో. చాలా ఎయిర్‌లైన్స్‌లో 5 నుంచి 11 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఎక్కితే సిబ్బంది తోడు తప్పనిసరి, 12 దాటాక కావాలంటేనే. నీకు పదహారైనా మొదటిసారి భయంగా ఉంటే డబ్బు కట్టి ఆ తోడు ఇస్తారేమో అడగడం తప్పేమీ కాదు. కానీ శంషాబాద్‌లో ఎక్కితే నాలుగు గంటల్లో దిగుతావు, ఆ విమానంలో సగం మంది మనవాళ్లే ఉంటారు. దుబాయి ఎయిర్‌పోర్ట్‌లో టెర్మినళ్లు మూడు, వాటిలో రెండోది రన్‌వేకి అవతలి వైపు విడిగా ఉంటుంది, నీ టికెట్ మీద ఏది ఉందో నాన్నకి ముందే మెసేజ్ పెట్టు. ఆయన టాక్సీ దిగి ఒకచోట, నువ్వు ఇంకోచోట నిలబడితే ఆ మొదటి గంటంతా వెతుకులాటతోనే పోతుంది.

మూట కట్టేటప్పుడు

అమ్మ సకినాలు, మామిడికాయ తొక్కు, మటన్ మసాలా పొడి అన్నీ కడుతుంది. అందులో రెండు చూడు. గసగసాలు యూఏఈలో నిషేధం, విడిగానే కాదు, మసాలా పొడిలో కలిపినా తీసుకెళ్లకు. అది అక్కడ మత్తుమందుల కేసు. ఎండు కొబ్బరి చిప్పలు విమానంలోనే ఒప్పుకోరు, నూనె ఎక్కువ ఉండి అంటుకునే ప్రమాదం ఉందని. తొక్కు చెకిన్ బ్యాగులోనే వేయి. దగ్గు మందు, నొప్పి మాత్రలు ఏవైనా తీసుకెళ్తే డాక్టరు చీటీ ఉండాలి, కోడీన్, ట్రమడాల్ ఉన్నవి అసలు ముట్టుకోకు. ఎవరైనా "మా తమ్ముడికి ఈ ప్యాకెట్ ఇచ్చేయి" అంటే విప్పి చూడనిదే తీసుకోకు, ఎంత దగ్గరి చుట్టమైనా సరే.

ఇంకొకటి, ఇది ఏ లిస్టులోనూ ఉండదు: వెళ్లే నెల ముందు నాన్నకి నీ బట్టల సైజు, చెప్పుల సైజు మెసేజ్ పెట్టు. ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది నాన్నలు నువ్వు వస్తున్నావని తెలియగానే బట్టలు కొంటారు, అవి రెండేళ్ల కిందటి నీ కొలతకి ఉంటాయి. పొట్టిగా ఉన్న ఆ చొక్కా చూసి నీ మొహం, నీ మొహం చూసి ఆయన మొహం చిన్నబోవడం మొదటి రోజే ఎందుకు? అయినా పొరపాటున చిన్న సైజు కొంటే, "పట్టదు బాపూ, పోయి మార్చుకుందాం పా" అని నవ్వుతూ అను. ఆ దుకాణానికి ఇద్దరూ కలిసి వెళ్లడమే ఒక పని అవుతుంది.

దిగాక మొదటి మూడు రోజులు

ఎదురుగా వచ్చే నాన్న ఫోన్‌లో కనిపించే నాన్నలా ఉండడు. నువ్వు పొడుగయ్యావు, ఆయన సన్నబడ్డాడు. బహుశా జుట్టుకి రంగేసుకుని, కొత్త చొక్కా వేసుకుని వస్తాడు. ఆ రంగు గురించి మాట్లాడకు. మన ఇళ్లలో తండ్రీ బిడ్డలు ఎదురుపడగానే వాటేసుకునే అలవాటు తక్కువ, అలా జరగకపోతే ప్రేమ లేదనుకోకు, ఆయన చెయ్యి చాపి బ్యాగు అందుకుంటే ఇచ్చేయి. "నేను మోస్తాలే" అనకు. ఆ ఒక్క రోజూ ఆయనే మోయాలి.

దిగగానే అమ్మకి చెప్పాలంటే ఒకటి తెలుసుకో: యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు పోతాయి, కాల్స్ పోవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ వాడాలి, అది అమ్మ ఫోన్‌లో కూడా వేసి, ఒకసారి చేసి చూపించి బయలుదేరు. అక్కడి టైము మనకంటే గంటన్నర వెనక.

ఉండే చోటు గురించి ముందే గట్టిగా అడుగు. నాన్న కంపెనీ క్యాంపులో ఉంటే, అంటే దుబాయిలో సోనాపూర్, అల్ కూజ్, జబల్ అలీ, షార్జాలో సజా, అబుధాబిలో ముసఫ్ఫా వైపు ఉంటే, ఆ క్యాంపుల్లో కుటుంబాన్ని ఉండనివ్వరు. ఊరివాళ్ల ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో, కరామా, డేరా, షార్జా రోల్లా వైపు ఒక గది తీసుకునో ఏర్పాటు చేస్తారు. చెక్క గోడలు కట్టి ఒక ఫ్లాటులో నాలుగైదు గదులు చేసిన చోట్ల మీద 2025లో దుబాయిలో తనిఖీలు గట్టిగా జరిగాయి, అలాంటి గది వద్దని చెప్పు. వేరే కుటుంబంతో ఉంటున్నట్టయితే ఆ ఇంటి ఆడమనిషితో అమ్మని ముందే ఫోన్‌లో మాట్లాడించు. ఆడపిల్లలకి ఇది తప్పనిసరి అంటాను, మగపిల్లలకి కూడా మంచిదే.

మొదటి రెండు రోజులు నాన్న రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, నిన్ను ఏడేళ్ల పిల్లలా చూడటం: రోడ్డు దాటుతుంటే చెయ్యి పట్టుకుంటాడు, చాక్లెట్లు కొంటాడు, హోటల్లో నిన్నడగకుండా నీకు చిన్నప్పుడు ఇష్టమైనది చెప్తాడు. రెండోది, ఇన్నేళ్ల పెంపకం ఇరవై రోజుల్లో చేసెయ్యాలన్నట్టు ఆ ఫోనేంది, ఆ జుట్టేంది, పొద్దెక్కేదాకా ఆ పడకేంది అని మొదలుపెట్టడం. రెండూ ఒకే చోట నుంచి వస్తాయి. నువ్వు రోజురోజుకీ పెరగడం ఆయన చూడలేదు, ఆయన దగ్గర ఉన్న లెక్క పాతది. దీనికి అలగడం, తలుపేసుకోవడం పనికిరావు. కొత్త లెక్క నువ్వే చెప్పాలి, అదీ చేసి చూపించి. ఒక రోజు వంట నువ్వు చేయి. మెట్రోలో దారి నువ్వు చూపించు. "బాపూ, అమ్మ నన్ను ఒక్కదాన్నే కరీంనగర్ పంపుతది కోచింగ్‌కు, నువ్వు భయపడకు" అని మామూలుగా అను. ఆయన నమ్మడానికి నాలుగు రోజులు పడుతుంది, పట్టనీ.

నువ్వు ఒక్కదానివే, ఒక్కడివే ఉండే పగళ్లు

ఆయనకి నువ్వు వచ్చావని సెలవు దొరక్కపోవచ్చు. చట్టం ప్రకారం వారానికి ఒక రోజు సెలవు ఉండాలి, చాలామంది కార్మికులకి దొరికేది ఆ ఒక్కటే. అంటే వారంలో ఆరు పగళ్లు నువ్వే గడపాలి. దీనికి సిద్ధపడి వెళ్లకపోతే నాలుగో రోజుకి "ఎందుకు పిలిచాడు మరి" అనే కోపం మొదలవుతుంది.

పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత తిరుగు. మధ్యాహ్నం బయటికి రావద్దు, మే నెలకే ఎండ నలభై దాటుతుంది. నోల్ కార్డు కొనుక్కుంటే మెట్రో, బస్సు రెంటికీ పనికొస్తుంది. మెట్రోలో తినడం, తాగడం, చూయింగ్ గమ్ నమలడం చేస్తే 100 దిర్హమ్‌లు ఫైన్. ఆడవాళ్ల పెట్టెకి గీత గీసి ఉంటుంది, మగపిల్లలు చూసుకుని ఎక్కండి. డేరా నుంచి బర్ దుబాయికి క్రీక్ దాటే అబ్రా పడవ ఒక్క దిర్హమ్, నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది అదే. తెలియని మనుషుల ఫోటోలు తీయకు, అక్కడి చట్టంలో అది నేరం. "టెన్త్ అయింది కదా, ఇక్కడే ఏదన్నా షాపులో చేరిపో" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. విజిట్ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. గడువు దాటి, కాగితాలు లేక, దొంగచాటుగా బతికే ఖల్లివెల్లి మనుషుల కథలు మన ఊళ్లలో తక్కువేం లేవు. ఆ మాటని అక్కడికక్కడే తుంచెయ్.

ఆయన పని చూడు, ఆయన గది చూడు

ఇది అడగకపోతే జరగదు. చాలామంది నాన్నలు పిల్లలకి మాల్స్ చూపిస్తారు, ఫౌంటెన్ చూపిస్తారు, తాము పడుకునే మంచం మాత్రం చూపించరు. సిగ్గు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎప్పుడూ గోడ వెనకాల పెట్టుకుని, లేదంటే బయట చెట్టు కింద నిలబడి మాట్లాడింది అందుకే. "బాపూ, నువ్వు ఉండే రూమ్ చూస్తా" అని ఒకసారి అడుగు, వద్దంటే వదిలెయ్, రెండు రోజులాగి మళ్లీ అడుగు. "నీ దోస్తులను చూస్తా" అంటే కొంచెం తొందరగా ఒప్పుకుంటారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటుంది, అనుమతి నాన్నే మాట్లాడాలి. ఆడపిల్లని లోపలికి రానివ్వకపోవచ్చు, అప్పుడు దోస్తులు బయటికే వస్తారు. లోపలికి రానిస్తే ఫోటో తీయకు, వీడియో అసలే తీయకు.

అక్కడ కనిపించేవి చెప్తాను, ఒక్కసారిగా చూసి తట్టుకోలేక మొహం మార్చకుండా ఉంటావని. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. మంచానికి చీర ముక్కో దుప్పటో కట్టిన తెర, అదే ఆయన సొంత గది. తలగడ పక్కన ప్లగ్గు, మంచం కింద పెట్టె. వరసగా పొయ్యిలున్న వంటిల్లు, అందరి గిన్నెల మీదా పేర్లో గుర్తులో ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, అన్నం డబ్బాలో పెట్టుకుని, కంపెనీ బస్సెక్కుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదనే రూల్ ఉంది. మేలో వెళ్తే ఆ రూల్ ఇంకా మొదలవదు, సెంట్రింగ్ పనో రోడ్డు పనో చేసే నాన్న ఆ ఎండలోనే ఉంటాడు. సాయంత్రం ఆయన దిగేటప్పుడు బస్సు దగ్గర నిలబడగలిగితే నిలబడు. ఇంటికొచ్చి మాట్లాడకుండా కూర్చునే మనిషి ఎందుకలా కూర్చుంటాడో ఆ బస్సు దగ్గర తెలుస్తుంది.

ఏడవకు అని చెప్పను, కానీ ఆయన ముందు జాలి పడకు. జాలి పడితే ఆయన ఇంకెప్పుడూ ఏదీ చూపించడు. తినమంటే తిను, కింద పేపరు పరుచుకుని అందరితో కలిసి కూర్చో. ఆ గదిలోవాళ్లకి నీ గురించి అంతా తెలిసి ఉంటుంది: నీ మార్కులు, నీకొచ్చిన డెంగీ జ్వరం, నువ్వు గెలిచిన కబడ్డీ కప్పు. కాకా, మామా, చాచా అని పిలిచి మాట్లాడు, నాన్న చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు వాళ్లు చెప్పే నాలుగు ముక్కల్లో నీకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పనివి ఉంటాయి. వాళ్లలో ఎవరికైనా ఇంటికి పంపాల్సిన చిన్న వస్తువులుంటే, విప్పి చూసి తీసుకెళ్లి ఇవ్వు.

డబ్బు

నెలకి 1,200 దిర్హమ్‌ల జీతం అనుకుందాం. 26 పని రోజులకి పంచితే రోజుకి 46. బుర్జ్ ఖలీఫా పైకెక్కే టికెట్ ఒక్కరికే వంద దాటుతుంది. ఈ లెక్క నీకు తెలిసి ఉండాలి, కానీ ప్రతి దుకాణంలో దీన్ని ఆయనకి అప్పజెప్పకు. ఆయనకి నీకోసం ఖర్చు పెట్టాలని ఉంటుంది, ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నందుకు నీకు చూపించగలిగింది అదొక్కటేనని ఆయన అనుకుంటాడు. నా సలహా: ఒక పెద్ద ఖర్చు, ఒకే ఒక్కటి, ఆయన ఇష్టానికి వదిలెయ్, సంతోషంగా తీసుకో. మిగతావన్నీ అబ్రా పడవలు, జుమేరా ఒడ్డు, కరామాలో ఇడ్లీ, ఇలా నువ్వే ముందుండి చవక దారికి తిప్పు. దోస్తులకి చాక్లెట్లు, సెంటు సీసాలు పట్టుకెళ్లాలన్న ఆశ ఉంటుంది, అమ్మతో మాట్లాడి ఎవరెవరికో లెక్కేసుకో. అందరికీ పంచితే ఆయన రెండు వారాల ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బు పోతుంది.

అప్పు సంగతి కూడా అడుగు. వీసాకి ఏజెంటుకి ఎంత కట్టాడు, నూటికి ఎంత మిత్తికి తెచ్చాడు, ఇంకా ఎంత ఉంది. పదహారేళ్లకి ఈ మాట అడగొచ్చా అంటే అడగాలి. నీ ఇంటర్, నీ డిగ్రీ ఆ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి, నీ చెవిన పడకుండా ఇద్దరూ దాచింది అదే.

మాట్లాడటం, పోట్లాడటం

"కూర్చో, మాట్లాడదాం" అంటే నాన్నలు మాట్లాడరు. చేతులు పనిలో ఉన్నప్పుడు మాట్లాడతారు. ఉల్లిగడ్డ కోస్తూ, బట్టలు ఆరేస్తూ, బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు అడుగు. "ఇక్కడికి వచ్చిన మొదటి రోజు ఎట్లుండె?" "నువ్వు పోయేటప్పుడు నేను ఏడ్చిన్నా?" "ఎప్పుడన్న వాపస్ రావాలనిపించిందా?" "నేను పెద్దయినంక ఇక్కడికి వస్తనంటే ఏమంటవు?" చివరి ప్రశ్నకి వచ్చే జవాబు జాగ్రత్తగా విను. నాకు తెలిసిన నాన్నల్లో పిల్లల్ని ఇక్కడికి రమ్మన్నవాళ్లు దాదాపు లేరు. అడిగాక మధ్యలో నువ్వు అందుకోకు, ఆయన ఆగినా సరే. ఆగి మళ్లీ మొదలుపెట్టినప్పుడే అసలు మాట వస్తుంది.

నీకు కోపం ఉంటుంది, ఉండాలి కూడా. స్కూల్లో పేరెంట్స్ మీటింగులకి రాలేదు, తాత పోయినప్పుడు దినాలకి అందలేదు, పంచెల ఫంక్షనో ఓణీల ఫంక్షనో ఫోన్‌లో చూశాడు. ఆ కోపాన్ని అలాగే వెనక్కి మోసుకురాకు. చెప్పు. ఎప్పుడు చెప్పాలంటే, వచ్చిన రెండో వారంలో, మీరిద్దరే ఉన్నప్పుడు. దోస్తుల ముందు వద్దు, అమ్మ ఫోన్‌లో ఉండగా వద్దు, వెళ్లిపోయే ముందు రాత్రి అసలు వద్దు, ఎందుకంటే మాట తగిలాక సర్దుకోవడానికి ఇద్దరికీ కొన్ని రోజులు కావాలి. ఎలా చెప్పాలంటే, జరిగిన ఒక్క సంగతి పట్టుకుని చెప్పు. "నువ్వెప్పుడూ లేవు" అంటే ఆయన దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒకటే: "మీకోసమే కదా ఇదంతా." ఆ జవాబు నిజమే. దాంతో నీ బాధ తీరదన్నదీ నిజమే. కాబట్టి "తెలుసు బాపూ. అయినా ఆ రోజు నాకు బాధైంది" అని ఊరుకో. సారీ చెప్పించాలని చూడకు, తప్పెవరిదో తేల్చాలని చూడకు.

నా ఓణీల ఫంక్షన్ మా బాపు ఇమోలోనే చూశాడు. ఆ సంగతి నేను చెప్పినప్పుడు ఏమీ అనలేదు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి, ఆ రోజు క్యాంపులో అందరికీ మిఠాయి పంచానని, తర్వాత బాత్రూంలోకి పోయి నల్లా విప్పి పెట్టి చాలాసేపు నిలబడ్డానని, అటు తిరిగి చెప్పాడు. సారీ అనలేదు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటలు సులువయ్యాయి.

ఆడపిల్లలకి ఒక మాట. ప్యాడ్స్ వెంట తీసుకెళ్లు, అయిపోతే ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతాయి. కడుపు నొప్పిగా ఉండి బయటికి రాలేని రోజు "జ్వరం" అని అబద్ధం చెప్పకు, "పీరియడ్స్ బాపూ, ఇవాళ పడుకుంటా" అను. ఆయనకి తడబాటు ఉంటుంది, టీ పెట్టి తెచ్చి అక్కడ పెట్టి వెళ్లిపోతాడు. అంత చాలు.

అమ్మ మాటలు మోసే పని పెట్టుకోకు. "అమ్మ ఇలా అంది, నాన్నేమో అలా అన్నాడు" అంటూ అటూ ఇటూ చేరవేస్తే ఇరవై రోజులూ వాళ్లిద్దరి తగవుకే సరిపోతాయి. వాళ్ల ఫోన్లు వాళ్లు మాట్లాడుకుంటారు. అలాగే రూములో మందు తాగే రోజు వస్తే, నువ్వు అక్కడ కూర్చోకు, ఆ రాత్రి ఏమీ అనకు, పొద్దున టీ తాగేటప్పుడు "నిన్న రాత్రి నాకు భయమేసింది" అని చెప్పు.

నువ్వు అనుకోనిది కనపడితే

డబ్బు ఎందుకు తగ్గిందో, ఫోన్లు ఎందుకు తగ్గాయో అక్కడికి వెళ్లాకే తెలిసేవాళ్లున్నారు. ఉద్యోగం పోయి ఎక్కడో దాక్కుని ఉంటున్న నాన్న ఉండొచ్చు, ఇంకో సంసారం ఉన్న నాన్నా ఉండొచ్చు. అదే నీకు జరిగితే, అది నీ తప్పు కాదు, ఆ రహస్యాన్ని ఒక్కదానివే కాపాడాల్సిన అవసరమూ లేదు. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాలనిపిస్తుంది, ఒక పెద్దమనిషికి, అమ్మమ్మకో మేనమామకో ముందు చెప్పి, అమ్మకి పక్కన మనిషి ఉండగా తెలిసేలా చూడు. నాన్నతో "నాకు తెలిసింది, అమ్మకి నువ్వే చెప్పాలి" అనడానికి నీకు పూర్తి హక్కు ఉంది.

నీ పాస్‌పోర్ట్, తిరుగు టికెట్ ఎప్పుడూ నీ దగ్గరే ఉండాలి. దాచిపెడతా ఇవ్వమన్నా ఫోటో కాపీ ఇవ్వు. అమ్మానాన్నలు విడిపోయి కోర్టులో కేసు నడుస్తుంటే, వెళ్లే ముందే లాయర్ని అడిగి, కోర్టు అనుమతి అవసరమైతే తీసుకుని వెళ్లు. అక్కడ ఏ ఇబ్బంది వచ్చినా భారత ప్రభుత్వం దుబాయిలో నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, 80046342 టోల్‌ఫ్రీ, 24 గంటలూ పలుకుతుంది. కాన్సులేట్ తలుపు తట్టడానికి నీకు 18 నిండక్కర్లేదు.

తిరిగి వచ్చే వారం

చివరి సెలవు రోజు ఒక గంట ఆయనతో కాగితాల పని పెట్టుకో. మన ఊళ్లలో గల్ఫ్‌లో ఎవరికైనా ఏదైనా జరిగినప్పుడు ఇంటివాళ్ల దగ్గర కంపెనీ పేరు కూడా సరిగ్గా ఉండదు, ఆ పేరు కోసమే రోజులు గడిచిపోతాయి. పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, వీసా కాగితం, ఎమిరేట్స్ ఐడీ రెండు వైపులా, లేబర్ కాంట్రాక్ట్, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, అన్నీ ఫోటో తీసుకో. కంపెనీ పూర్తి పేరు, క్యాంపు ఎక్కడుందో మ్యాప్ లొకేషన్, గదిలో ఇద్దరి నంబర్లు, ఫోర్‌మన్ నంబరు రాసుకో. ఇక్కడి బ్యాంకు ఖాతాకి నామినీ ఎవరో అడుగు. ఆయన ఈసీఆర్ పాస్‌పోర్ట్ (గల్ఫ్‌కి పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినది) మీద వెళ్లి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, 10 లక్షలది, గడువు తీరిందేమో చూడు, తీరితే రెన్యువల్ చేయించు. ఉద్యోగం పోతే కొంతకాలం డబ్బొచ్చే బీమా 2023 నుంచి అక్కడ తప్పనిసరి, తక్కువ జీతాలవాళ్లకి నెలకి 5 దిర్హమ్‌లే, అందులో చేరకపోతే 400 ఫైన్. ఇంగ్లీష్ మెసేజ్ అర్థంకాక ఆ ఫైన్ పడినవాళ్లు ఉన్నారు, ఆయన ఫోన్ తీసుకుని నువ్వే చూడు.

ఈ కంపెనీలో ఎన్నేళ్లయిందో, బేసిక్ జీతం ఎంతో కూడా రాసుకో. మానేసి వచ్చేటప్పుడు గ్రాట్యుటీ రావాలి: మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులది. కాగితం మీద ఆయన ముందే లెక్కేసి చూపించు. "ఇంకెన్నేళ్లు బాపూ" అని అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అప్పు ఎంత ఉంది, గ్రాట్యుటీ ఎంత వస్తుంది, నీ చదువుకి ఎంత కావాలి, మూడూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటాయి కాబట్టి "చూద్దాం" అనకుండా ఒక ఏడాది పేరు చెప్తాడేమో అడుగు. చెప్తే రాసుకో, మారినా ఫర్వాలేదు. ఆ కాగితాల కాపీ ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నీ దగ్గర ఉండాలి, వీసా రెన్యువల్ అయిన ప్రతిసారీ కొత్త కాగితం ఫోటో పంపమని చెప్పి రా.